కంది చేను మీద ఎర్రచుక్క

తెరమీద ఎర్రచుక్క పడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. కొట్టమన్నది నేనే. మీరు ఇప్పుడిప్పుడే బడుల్లో టీచర్లుగా చేరి, ఉపగ్రహ చిత్రాలు, ఏఐ అంటూ పిల్లలకు అడవుల పాఠం చెప్పబోతున్నారు. అందుకే ఆ చప్పట్ల తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పాలని కూర్చున్నాను. రోజూ డైరీ రాయడం నా అలవాటు. అయినా ఆ వారం పేజీలు తిరగేస్తే "చలి. పొద్దున మంచు" అని తప్ప ఏమీ లేదు. మనసు బాగాలేని రోజుల్లో నేను వాతావరణం మాత్రమే రాస్తానని మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

నారాయణఖేడ్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. పదవీ విరమణ దగ్గరపడింది. ఆ ఏడే బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు కల్హేర్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే కంప్యూటర్ టీచరూ వచ్చింది. నా కూతురి వయసు. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో నా పాఠ్యపుస్తకం తిరగేస్తూ, "సార్, అడవులు తగ్గుతున్నయని మీరు నోటితోని చెప్తరు. నేను తెరమీద చూపిస్త. ఇద్దరం కలిసి చెప్దామా?" అని అడిగింది. పాతికేళ్లకు పైగా ఒకే పాఠాన్ని ఒకే విధంగా చెప్పినవాణ్ణి. కాదనలేకపోయాను.

పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, ముక్తసరిగా చెప్తాను. ఉపగ్రహం తీసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. దట్టమైన చెట్లు అందులో ముదురుగా కనిపిస్తాయి, దున్నిన నేల వెలిసిపోయినట్టు ఉంటుంది. పిల్లలు మౌసుతో ఒక్కో తునక చుట్టూ గీత గీసి, అది అడవో, చేనో, నీళ్లో, ఊరో పేరు పెట్టాలి. అలా చాలా తునకలకు పేర్లు పెడితే, ఏఐ వాటిని చూసి నేర్చుకుని, మిగిలిన మండలమంతటికీ తానే పేర్లు పెడుతుంది. తర్వాత కొన్నేళ్ల కిందటి చిత్రాన్నీ ఈ ఏటి చిత్రాన్నీ పక్కపక్కన పెడితే, అప్పుడు అడవిగా ఉండి ఇప్పుడు బోడిగా మారిన చోట ఎర్రచుక్క పెడుతుంది.

పిల్లలకు అది పండుగ అయిపోయింది.

"గదేం చెర్వురా, దోసకాయ లెక్కుంది!"

"నీ మొఖం! మా ఊరి చెర్వు గట్లనే ఉంటది. సూడనీకి రా ఒకపారి."

గీతలు గీయడంలో అందరికంటే చురుకైనది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. కంగ్టి అవతల కర్ణాటక సరిహద్దు పక్క తండా వాళ్లది. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేది. తల్లిదండ్రులు చెరకు కొట్టడానికి కర్ణాటక వైపు వెళ్లేవాళ్లు. మాట తక్కువ. మిగతావాళ్లు తునక ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆమె దాని చుట్టూ గీసి పేరు కూడా పెట్టేది.

ఒకసారి మాత్రం ఆగి అడిగింది. "సార్, గిక్కడ చెట్లు పెద్దగ లేవు. పొదలే ఉన్నట్టున్నయి. అడవేనా?"

"దట్టంగా ఉంటే అడవి అని రాయి" అన్నాను. క్లాసంతా అదే సూత్రం పట్టుకుంది. నేనూ మరిచిపోయాను.

రెండు చిత్రాలనూ పోల్చి చూసే రోజు మీట నొక్కే అవకాశం ఆ అమ్మాయికే ఇచ్చాం. తెరమీద అక్కడక్కడ ఎర్రచుక్కలు పడ్డాయి. అన్నింటికంటే పెద్దది కంగ్టి వైపు, ఒక వాగు ఒడ్డున. "చూశారా, ఎవరూ పోని చోట ఎవరో అడవి కొడితే ఆకాశం నుంచి మీరు పట్టుకున్నారు. చప్పట్లు!" అన్నాను. అమ్మాయి సిగ్గుపడుతూ నవ్వింది. ఆ సమయానికి హెడ్మాస్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచి మనిషి, కష్టపడే మనిషి. కాకపోతే ఫోన్‌లోకి ఏది వచ్చినా పదిమందికి పంపేదాకా ఆయనకు అన్నం సయించదు. తెరను ఫోటో తీశాడు. "మన బడి పిల్లలు అడవి దొంగల్ని పట్టిండ్రు" అని రాసి, మండలం ఆఫీసర్లంతా ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బొటనవేళ్లు, దండాలు, పూలగుత్తులు వరుసగా వచ్చాయి. అందరికీ చూపించాడు. నాకూ చూపించాడు. నేనూ సంతోషపడ్డాను.

తర్వాతి వారం ఒక పొద్దున, ప్రార్థన గంట కొట్టకముందే ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. ముందురోజు తండాకు వెళ్లి వచ్చింది.

"సార్, గా పెద్ద ఎర్రచుక్క మా చేనే."

నాకు వెంటనే తలకెక్కలేదు. "ఏ చేను?"

"వాగు ఒడ్డుది. ఫారెస్టోళ్లు వచ్చి చేను నడిమిట్ల సున్నం పోసిండ్రు. ఎల్లుండి జేసీబీ తెచ్చి అడవి హద్దు కందకం తీస్తరట. ఫోన్ల మన బడి ఫోటో చూపిచ్చి, 'మీ పిల్ల సదివే బడోళ్లే పట్టిండ్రు' అన్నరట మా నాయినతోని." అప్పజెప్పమంటే పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "కంది కాత మీదుంది సార్. కందకం తీస్తే ఇగ మల్ల దున్ననియ్యరు."

"నీ చేనును నువ్వే గుర్తుపట్టలేదామ్మా?"

"ఎట్ల గుర్తువడ్త సార్? ఆకాశంలకెల్లి ఎన్నడన్న చూసిన్నా?"

పక్క కుర్చీలో కూర్చున్న కంప్యూటర్ టీచర్ అప్పటికే లేచింది. ముగ్గురం కంప్యూటర్ గదిలోకి వెళ్లాం.

సంగతి ఇదీ. వాళ్ల తాతకాలం నుంచి ఆ తునక దున్నుకుంటున్నారు. అడవి అంచు భూమి. హక్కు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు, ఇంకా తేలలేదు. ఆ మధ్య తల్లికి జబ్బు చేసి, చెరకు ఫ్యాక్టరీ దగ్గరి దవాఖానలో చూపించుకుంటూ మూడేళ్లు వానకాలం కూడా ఇటు రాకుండా అక్కడే ఉండిపోయారు. దున్నని చేను ఊరికే ఉంటుందా? సర్కారు తుమ్మ, తంగేడు, లొట్టపీసు కమ్ముకున్నాయి. పిల్లలు 'దట్టంగా ఉంది' అని అడవి పేరు పెట్టిన తునకల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. మా వైపు చెరకు కొట్టడానికి పోయిన ఇళ్లవాళ్ల చేలన్నీ ఆకాశం నుంచి చూస్తే కొన్నేళ్లకు అడవులే. ఈ ఏడు వాళ్లు తిరిగొచ్చి, పొదలు నరికి కంది వేశారు. ఏఐకి అది అడవి నరకడంగా కనిపించింది.

"దీంట్ల మిషన్‌ది ఏం తప్పు లేదు సార్" అంది కంప్యూటర్ టీచర్. "మనం ఏం పేరు పెట్టినమో గదే నేర్చుకుంది."

ఏం చేయాలో ఆమెకే తట్టింది. చిత్రాలు ఇంకా వెనక్కి ఉంటాయి, ఆ అమ్మాయి పుట్టకముందువి కూడా. అప్పుడు అది చేనుగా కనిపిస్తే, ఇది కొత్తగా కొట్టిన అడవి కాదని చూపించవచ్చు. మధ్యాహ్నందాకా వెతికింది. దొరికింది. కానీ ఆ కాలం చిత్రాలు మోటుగా ఉంటాయి. మన ఇల్లూ వాకిలీ పక్కింటి వాకిలీ కలిపితే ఒక్క గడి. రెండెకరాల చేను మొత్తం గుప్పెడు గళ్లు. పైనున్న గళ్లు స్పష్టంగా వెలిసిన రంగులో ఉన్నాయి, దున్నిన నేల. కింద, వాగువైపు రెండు గళ్లు మాత్రం అటూ కాదు, ఇటూ కాదు.

"గడిల సగం చేను, సగం చెట్లుంటే గిట్లనే నడుమ రంగు వస్తది" అంది టీచర్. "ఇవి చేను అని అనలేం. అడవి అని కూడ అనలేం."

అప్పుడే హెడ్మాస్టర్ వచ్చాడు. విషయం తెలిసి ముఖం పాలిపోయింది. "నేను బాగుండాలనే పంపిన సార్. బడికి పేరొస్తదని పంపిన." కాసేపు అటూ ఇటూ నడిచి, "మొత్తం చేనే అని చెప్దాం ఇగ. గా రెండు గళ్ల గురించి ఎవలు అడుగుతరు?" అన్నాడు.

అమ్మాయి ఆ రెండు గళ్లనే చూస్తూ ఉంది. ఆ చూపు నాకు నచ్చలేదు. లెక్క తప్పిందని తెలిసినా చెయ్యెత్తని పిల్ల చూపు అది.

హెడ్మాస్టర్ ఫారెస్టు రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేశాడు. అటునుంచి వచ్చిన జవాబు గదిలో అందరికీ వినిపించింది. "ఏమున్నా చేను కాడికి తెచ్చి చూపించుండ్రి సార్. జేసీబీ కిరాయి మాట్లాడినం. నేను ఆపలేను."

చెప్పిన రోజు పొద్దున్నే హెడ్మాస్టర్ కారులో బయలుదేరాం. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కంప్యూటర్ టీచర్, ఆమె పక్కన అమ్మాయి. దారి పొడవునా మంచు. కంగ్టి దాటాక మట్టిరోడ్డు మీద మా ముందు జేసీబీ పోతోంది. దాన్ని దాటడానికి చోటు లేదు. పరేషాన్ అయిపోయిన హెడ్మాస్టర్ హారన్ కొట్టడం, అది పక్కకు తప్పుకోకపోవడం, చివరిదాకా ఇదే. మేం పెట్టిన ఎర్రచుక్కే ముందు పోతుంటే, మేము దాని వెనకాలే వెళ్తున్నట్టు అనిపించింది.

చేను గట్టు మీద తండావాళ్లు గుంపుగా నిలబడ్డారు. కంది నడుము ఎత్తు పెరిగి కాయ పట్టింది. దాని మధ్యలోంచి తెల్లగా సున్నపు గీత. అమ్మాయి తండ్రి గీతకు ఇవతల నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దండం పెట్టలేదు.

"నువ్వేనా సార్, మా పిల్లకు అడవులు పట్టుడు నేర్పినోనివి?"

నేనేనని చెప్పాను.

"బాగ నేర్పినవ్."

రేంజ్ ఆఫీసర్ నడివయసు మనిషి. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. "మొన్న పట్టించింది మీరే. ఇయ్యాల కాదనేది మీరే. ఏ దినం మాట నమ్మాలె సార్?" అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిపించాను.

ఎండ పైకి వచ్చింది. తెర మీద ఏమీ కనిపించడంలేదు. టీచర్ ఎటు తిప్పినా వెలుతురే. అప్పుడు అమ్మాయి తండ్రి, ఎవరూ అడగకుండానే, భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులతో ల్యాప్‌టాప్ పైన నీడపట్టాడు. ఆ తువ్వాల కింద నలుగురం తలలు దూర్చాం. ముందు కొన్నేళ్ల కిందటి చిత్రం చూపించాను, పొదలు కమ్మిన చేను. తర్వాత ఇంకా పాతది. "ఈ గళ్లన్నీ దున్నిన నేల. ఈ పిల్ల పుట్టకముందు కూడా ఇది చేనే. మధ్యలో వీళ్లు లేనప్పుడు పొదలు పెరిగితే, మా పిల్లలు అడవి అని పేరు పెట్టారు" అన్నాను.

రేంజ్ ఆఫీసర్ పొరపాట్లు వెతికేవాడిలా చాలాసేపు చూశాడు. ఎక్కడ ఆగుతాడని భయపడ్డానో అక్కడే వేలు ఆగింది.

"ఇవి రెండు?"

"ఆ రెండూ ఈ చిత్రంతో తేలవు."

"తేలవు అంటే ఎట్ల? హక్కు ఇచ్చేది నేను కాదు, అది కమిటీలు చూసుకుంటయి. కందకం గీత ఏడ తియ్యాల్నో అంతవరకే నా చేతిల ఉంది. మీరు చేను అంటే వాగుదాకా జరుపుత. తేలదు అంటే పోసిన గీత మీదనే తీస్త. పైకెల్లి ఫోన్లు వస్తున్నయి నాకు. చేనా, అడవా? ఒక దిక్కు చెప్పుండ్రి."

వెనక నుంచి హెడ్మాస్టర్ నా చొక్కా లాగాడు. "చేను అను సార్. అనేసెయ్."

మీకు చెప్పడం తేలిక. అక్కడ నిలబడటం తేలిక కాదు. ఒక్క మాటతో ఆ ఇంటి భూమి నిలుస్తుంది. నా వయసు చూసి నమ్ముతాడు. తర్వాత ఎవరూ వచ్చి ఆ రెండు గళ్లూ తవ్వి చూడరు. 'తేలదు' అంటే మాత్రం నడుమెత్తు కంది నా ముందే పోతుంది. డ్రైవర్ జేసీబీ ఇంజన్ ఆపలేదు. నోరు తెరిచాను. ఏం అనబోయానో, నిజంగా, ఈ రోజుకూ చెప్పలేను.

"సార్, ఇటు రాండ్రి."

అమ్మాయి గొంతు. ఎప్పుడు వెళ్లిందో, కంది సాళ్లలోంచి చేను అడుగుకు చేరి, వాగువైపు నిలబడి ఉంది. అక్కడ ఎండిన ముళ్లకంప కుప్ప పోసి ఉంది. చేతులతో దాన్ని పక్కకు లాగుతోంది. తండ్రి తువ్వాల దించేసి వాళ్ల భాషలో ఏదో అరిచాడు. నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది కాబట్టే ఇటు తిరగలేదు.

కంప కింద రెండు మోదుగ మొద్దులు. కొట్టి ఎక్కువ కాలం కాలేదు.

"గీ మొద్దులకు ఇవుతల మాది" అంది. చెప్పుకాలితో నేలమీద గీత గీస్తూ అడ్డంగా నడిచింది. "మా తాత దున్నింది గిక్కడిదాకనే. ఈ మొద్దులు, గీ నాలుగు సాళ్లు మావి కావు. పొదలు నరికేటప్పుడు మా నాయినే జరిపిండు." ఆగి, రేంజ్ ఆఫీసర్ ముఖంలోకి చూసింది. "పైదంత మాదే సార్. గది ఒట్టేసి చెప్త."

గట్టు మీద ఎవరో "అయ్యో పిల్లా!" అన్నారు. జేసీబీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు.

రేంజ్ ఆఫీసర్ వెళ్లి ఆ మొద్దుల దగ్గర గొంతుకూర్చున్నాడు. ఒకదాన్ని వేలితో తడిమి చూశాడు. లేచి, తన పక్కనున్న బీట్ ఆఫీసర్‌తో "సున్నం తే" అన్నాడు. అంతకుముందు పోసిన గీతను బూటుతో తుడుచుకుంటూ నడిచాడు. కొత్త గీత ఆ పిల్ల చెప్పుకాలి గీత మీదుగా పడింది. నాలుగు సాళ్ల కంది పోయింది. మిగతా చేను నిలిచింది. మోదుగులు కొట్టినందుకు తండ్రి మీద జరిమానా పడింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి తండ్రి కారు దగ్గరికి వచ్చాడు. "సదువుకో అని పంపితే నా మీదనే సాక్ష్యం చెప్పె సార్ మీ శిష్యురాలు." కూతురికి చెయ్యి చూపించి, "నువ్వు దిగు. ఇయ్యాల హాస్టల్ లేదు, ఏం లేదు" అన్నాడు. ఆమె దిగిపోయింది. నేను ఏదో చెప్పబోతే, "సార్, మీ బండి తీసుకుని జల్దీ పోండ్రి" అన్నాడు. పోయాం.

పొలం నిలిచిందని హెడ్మాస్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ చాలా రోజులు ఆమె జాగా ఖాళీగా ఉంది. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర నా గొంతు తగ్గేది. ఈ మధ్యలో హెడ్మాస్టర్‌లో ఒక మార్పు వచ్చింది. ఆ గ్రూపులోంచి బయటికి రాలేదు గానీ, ఏదైనా పంపే ముందు నా దగ్గరికి వచ్చి "సార్, ఇది పంపొచ్చునా?" అని అడిగేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షలకు కూడా అడిగేవాడు.

కంది కోత అయ్యాక ఒక పొద్దున అమ్మాయి తిరిగి వచ్చింది. నిన్న వెళ్లి ఇవాళ వచ్చినట్టు తన కంప్యూటర్ ముందు కూర్చుంది. విరామంలో అడిగాను, ఎందుకు చెప్పావని.

"మీరు అటు ఇటు చూస్తుండ్రి. ఇంజన్ నడుస్తుంది. ఎవలన్న చెప్పాలె గద సార్" అంది.

ఆ రోజు తునకలకు పెట్టిన పేర్లన్నీ మొదటి నుంచి సరిచూసుకున్నాం. అడవి, చేను, నీళ్లు, ఊరు, ఈ నాలుగు పేర్లు సరిపోవని కంప్యూటర్ టీచర్ అంది. ఐదోది ఏం పెడదామని అడిగితే పిల్లలు 'అనుమానం' అన్నారు, 'ప్రశ్న' అన్నారు. అమ్మాయి ఏమీ అనకుండా తెరమీద టైపు చేసింది: 'పోయి చూడాలె'. అదే ఉండిపోయింది. విచిత్రం ఏమిటంటే, కొన్ని తునకలకు ఆ పేరు పెట్టి నేర్పాక ఏఐ కూడా నేర్చుకుంది. మండలంలో చాలా చోట్ల తానుగా 'పోయి చూడాలె' అనడం మొదలుపెట్టింది. అంతకుముందు అన్నీ తెలిసినట్టు రంగులు వేసేది.

నా ఉద్యోగంలో ఆఖరి నెల. మధ్యాహ్న భోజనం వేళ బడి గేటు దగ్గర ఆమె తండ్రి కనిపించాడు. పక్కన అదే తండాకు చెందిన ఇంకొకడు, చంకలో సంచి పెట్టుకుని నిలబడ్డాడు.

"సార్, వీని చేను మీద సుత సున్నం పోస్తమంటున్నరట. జర మీ టీవీల చూడుండ్రి" అన్నాడు ఆమె తండ్రి. అంతలోనే గొంతు తగ్గించకుండానే, "పైలంగ చూడుండ్రి. వీడు నాకన్న పెద్ద దొంగ" అన్నాడు.

"నీ కన్ననా?" అన్నాడు రెండోవాడు.

కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లాను. అమ్మాయి తండ్రివైపు చూడలేదు. తండ్రి ఆమె వెనక నిలబడి, తెర మీద ఎండ పడకపోయినా, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. ఆమె పాత చిత్రం తెరిచింది, తునక వెతికింది, దగ్గరగా లాగింది. రెండోవాడు "చేనే గద బిడ్డా? చేనే అని చెప్పు" అంటూ ఉన్నాడు.

ఆమె కాసేపు ఆ గళ్లవంకే చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి లేచి, గుమ్మం బయట విడిచిన చెప్పులు తొడుక్కుంది.

"దీంట్ల తేలదు కాకా. నడువు."